నేను తెరవలేదండీ, తెరుచుకుంది

చాలాకాలంగా వ్రాయాలనుకొంటూ, వ్రాయడానికి మనసొప్పక వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. కంప్యూటర్ల గురించి మొదలుపెట్టగానే "మళ్ళీ మీ ఆఫీసు గోలేనా?" అని నిట్టూర్చే మిత్రులు నాకు కొందరున్నారు. వారికి ముందే మనవి చేసుకొంటున్నాను. ఇందులో సర్వర్లూ ఫోల్డర్లూ తప్పకుండా వస్తాయి, అవి లేకుండా ఈ కథ చెప్పడం కుదరదు. కాని కథ వాటిది కాదు. 2008లో ఒక ఆఫీసులో, ఒక అమ్మాయి ఒక రోజంతా దొంగగా నిలబడవలసి వచ్చిన కథ. ఆమెను అలా నిలబెట్టినవాణ్ణి నేను.

అప్పట్లో సికింద్రాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో నేను సిస్టమ్స్ పని చూసేవాణ్ణి. తొంభై మంది దాకా ఉద్యోగులు. అందరి ఫైళ్ళూ ఒకే సర్వరు మీద ఉండేవి. ప్రొద్దున్నే ఎవరు తమ కంప్యూటరు తెరిచినా 'మై కంప్యూటర్'లో ఒక డ్రైవు కనబడేది. అది తమ పెట్టెలోదే అన్నంత సహజంగా దాన్ని వాడుకొనేవారు. నిజానికది గోడకవతల, ఏసీ గదిలో ఉన్న సర్వరులోది. అందులో అకౌంట్స్ వారికొక ఫోల్డరు, సిబ్బంది వ్యవహారాలు చూసేవారికొకటి, డిజైన్ వారికొకటి, అందరికీ కలిపి 'కామన్' అని ఒకటి. ఎవరి ఫోల్డరులోకి ఎవరు వెళ్ళవచ్చునో నిర్ణయించే పెత్తనం నాది. నిర్ణయించడమంటే నిర్ణయం నాది కాదు, తాళాలు వెయ్యడం మాత్రమే నాది.

ఈ తాళాల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా అమ్మమ్మగారి ఊళ్ళో మండువా ఇల్లుండేది. నాలుగు కుటుంబాలు, నాలుగు గదులు, ఒకటే వీధి గుమ్మం. బయటివాడు లోపలికి రావాలంటే ముందు వీధి గుమ్మం దాటాలి, తరువాత గది తలుపు దాటాలి, అప్పటికీ గదిలోని భోషాణానికి దాని తాళం దానికి ఉండేది. విండోస్ సర్వరులో పంచుకొన్న డ్రైవు కూడా సరిగ్గా ఇంతే. వీధి గుమ్మం వంటిది షేర్ పర్మిషను. గది తలుపు వంటిది ఆ ఫోల్డరుకు డిస్కు మీద ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషను. భోషాణం తాళం వంటిది ఫైలుకు విడిగా ఉండే పర్మిషను. నెట్‌వర్కు ద్వారా వచ్చేవాడికి షేర్ అనుమతీ, డిస్కు మీది అనుమతీ రెండూ ఉండాలి. రెండింటిలో ఏది బిగువైతే అదే చెల్లుతుంది. అదే మనిషి సర్వరు ముందే కూర్చొంటే వీధి గుమ్మంతో పని లేదు, ఇంట్లోనే ఉన్నాడు గనుక డిస్కు మీది తాళాలొక్కటే లెక్క. "నా దగ్గర తెరుచుకొంటోంది, వాళ్ళ దగ్గర తెరుచుకోవడం లేదు" అని తలలు బద్దలు కొట్టుకొనే చిక్కుల్లో సగం ఇక్కడే విడిపోతాయి.

ఒక మనిషికి నాలుగు గుంపుల్లో సభ్యత్వం ఉంటే నాలుగు గుంపులకూ ఇచ్చిన అనుమతులు కలిసి వస్తాయి. ఒక గుంపుకు 'వద్దు' అని స్పష్టంగా వ్రాసి ఉంటే సాధారణంగా ఆ 'వద్దు'దే గెలుపు. సాధారణంగా అని ఎందుకన్నానంటే, పై ఫోల్డరు నుండి వారసత్వంగా వచ్చిన 'వద్దు' కన్నా ఆ ఫైలుకే నేరుగా వ్రాసిన 'సరే' బలమైనది. తాతగారు వద్దన్నా తండ్రి సరేనంటే పిల్లవాడు సినిమాకు వెళ్ళిపోయినట్లు.

ఇంత తెలిసినవాడిననే ధీమా నాకుండేది. ఇక జరిగింది చెబుతాను.

2008 ఏప్రిల్. జీతాల సవరణ కాలం. అంటే ఆఫీసుల్లో అందరూ అందరినీ అనుమానంగా చూసే కాలం. ఉదయం పదిన్నర ప్రాంతంలో అకౌంట్స్ పెద్దాయన నుండి ఫోను వచ్చింది.

"ఏం బాబూ, జీతాల పట్టిక తెరుస్తుంటే ఎవరో వాడుతున్నారని చూపిస్తోంది. నేనూ, మా కుర్రాడూ తప్ప ఎవరికీ దారి లేదన్నావు కదా. కుర్రాడు ఇవాళ సెలవు. ఎవరయ్యా మరి?"

సర్వరులో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్' అనే చోట 'షేర్డ్ ఫోల్డర్స్' కింద 'ఓపెన్ ఫైల్స్' అని ఒక జాబితా ఉంటుంది. ఆ క్షణంలో నెట్‌వర్కు ద్వారా ఎవరెవరు ఏయే ఫైలు తెరిచి ఉంచారో అది చూపిస్తుంది. నేను తెరిచి చూశాను. జీతాల పట్టికకు ఎదురుగా ఒక పేరు ఉన్నది. హాజరు పట్టీ నింపే అమ్మాయి పేరు. చేరి ఏడెనిమిది నెలలైంది. ఖమ్మం వైపు నుండి వచ్చి, హాస్టల్లో ఉంటూ పని చేసుకొనేది. నేను ఆ పేరును ఫోనులో పైకి చదివాను.

"ఆ అమ్మాయా!" అన్నాడాయన. ఫోను పెట్టేసిన చప్పుడైంది.

ఆ పేరు చదవడానికి నాకు రెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ రెండు సెకన్ల గురించే ఈ వ్యాసమంతా అనుకోండి.

పదకొండింటికల్లా ఆమెను సిబ్బంది వ్యవహారాల గదిలో కూర్చోబెట్టారు. తలుపు అద్దానిది. పోయేవారికీ వచ్చేవారికీ లోపలి మనిషి కనబడుతుంది, మాట వినబడదు. ఎవరి పాస్‌వర్డు దొంగిలించావని అడిగారట. సంజాయిషీ వ్రాసి ఇమ్మని తెల్లకాగితం ఇచ్చారట. నన్ను పిలిచి, "ఎలా చొరబడిందో మధ్యాహ్నంలోగా తేల్చి చెప్పండి" అన్నారు. 'చొరబడింది' అన్న మాట అప్పటికే నిర్ణయమైపోయింది. తేల్చవలసింది 'ఎలా' అన్నది మాత్రమే.

ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు చెప్పాలి. జాబితాలో కనబడిన పేరు ఆమె సొంత పేరు. ఆమె అకౌంట్స్ కుర్రాడి పాస్‌వర్డు దొంగిలించి ఉంటే జాబితాలో కుర్రాడి పేరు కనబడేది, ఆమెది కాదు. సర్వరుకు మనిషి ముఖం తెలియదు, లాగిన్ అయిన పేరే తెలుస్తుంది. కాబట్టి పాస్‌వర్డు దొంగతనమన్న ఆరోపణ ఆ జాబితాతోనే కొట్టివేయవలసినది. దొంగతనానికి వచ్చినవాడు గోడ మీద తన పేరు వ్రాసిపోడు కదా! ఈ ముక్క నాకు అప్పుడే తట్టింది. తట్టిన మాట నిజం. కాని "పూర్తిగా తేలాక చెబుదాంలే" అనుకొని ఊరుకొన్నాను.

పరిశోధన మొదలుపెట్టాను. షేర్ పర్మిషను చూశాను. అది అందరికీ తెరిచే ఉంటుంది, ఉండాలి కూడా. వీధి గుమ్మం అందరిదీ. (విండోస్ 2000 కాలంలో కొత్తగా ఏది షేర్ చేసినా 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అని దానంతట అదే వచ్చేది. 2003 సర్వరుకు వచ్చేసరికి అది 'ఎవ్రీవన్, రీడ్' అయింది. ఆలస్యంగా కలిగినా మంచి బుద్ధే.) తరువాత అకౌంట్స్ ఫోల్డరు పర్మిషను చూశాను. అకౌంట్స్ గుంపు, అడ్మినిస్ట్రేటర్లు, సిస్టమ్. అంతే. నాలుగో పేరు లేదు. అకౌంట్స్ గుంపులో ఎవరున్నారో చూశాను. ఇద్దరే. గుంపులో మరో గుంపు దూరిందేమో చూశాను. ఇది తరచుగా జరిగేదే. ఎప్పుడో ఆడిటర్ల కోసమని ఒక గుంపును తెచ్చి ఇంకో గుంపులో కలుపుతారు, ఆ గుంపులో ఎవరున్నారో ఎవరూ చూడరు. ఇక్కడ అదీ లేదు. 'ఎఫెక్టివ్ పర్మిషన్స్' అనే చోట ఆ అమ్మాయి పేరిచ్చి, ఈ ఫోల్డరు మీద ఈమెకున్న హక్కులేమిటని అడిగాను. ఒక్క గడిలోనూ టిక్కు పడలేదు. ఆమెకున్న గుంపులే ఇచ్చి ఒక పరీక్ష ఖాతా తయారు చేసి, ఆ పేరుతో లాగిన్ అయి అకౌంట్స్ ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కాను. 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని గంట కొట్టినట్టు చెప్పింది.

ఒంటిగంటకు వెళ్ళి నివేదించాను: "సర్వరు సరిగ్గానే ఉంది సార్. ఆ అమ్మాయికి ఏ అనుమతీ లేదు."

ఇది నా రెండో తప్పు. మొదటిదానికన్నా పెద్దది. నేను చెప్పినది అబద్ధం కాదు. కాని విన్నవారికి దాని అర్థం ఏమిటి? అనుమతి లేని ఫైలు ఆమె తెరిచి ఉంచిందంటే ఏదో మాయ చేసి ఉండాలి. నా సగం పరిశోధన ఆమెకు పూర్తి శిక్షగా మారుతున్నది. గదిలోనుండి బయటికి వస్తూంటే అద్దం తలుపులోనుండి ఆమె నావైపు చూసింది. ఈయన కంప్యూటర్లు చూసే ఆయన, నిజం చెబుతాడు అన్న ఆశ ఆ చూపులో ఉందని అనుకొన్నాను. లేక అది నేను తరువాత కల్పించుకొన్నదేమో.

భోజనం సహించలేదు. మూడు గంటలప్పుడు ఆమె సీటు దగ్గరకు వెళ్ళాను. మొదటే చేయవలసిన పని అది. సర్వరు గదిలో కూర్చొని పర్మిషన్లు చూసేవాడికి తాళాలు కనబడతాయి. మనిషి ఏ దారిన నడిచి వచ్చాడో కనబడదు. ఆమెను పిలిపించమని అడిగి, మెల్లగా అడిగాను.

"ప్రొద్దున్న ఏం చేశావమ్మా, వరుసగా చెప్పు."

"హాజరు పట్టీ తెరిచాను సార్. రోజూ తెరిచేదే. ఇదిగో, ఇక్కడ నీలంరంగులో గీత ఉంది కదండీ, మౌసు పొరపాటున దానిమీద పడింది. ఇంకో పట్టీ వచ్చింది. నేను తెరవలేదండీ, తెరుచుకుంది."

నీలంరంగు గీత అంటే లింకు. హాజరు పట్టీలో ఒక మూల, జీతాల పట్టికకు లింకు ఉన్నది. హాజరు చూసి జీతం లెక్కవేసే అకౌంట్స్ కుర్రాడు తన సౌకర్యం కోసం పెట్టుకొన్నాడు. తాను నొక్కితే తెరుచుకొంటుంది, ఇతరులు నొక్కితే తాళం అడ్డుపడుతుంది, కాబట్టి ఫరవాలేదని అనుకొన్నాడు. అతను అనుకొన్నదాంట్లో తప్పులేదు, తాళం ఉండి ఉంటే.

నా పరీక్ష ఖాతాతో అదే లింకు నొక్కాను. తెరుచుకుంది.

ఫోల్డరు తలుపు మూసి ఉంది, లోపలి ఫైలు తెరుచుకుంటోంది. ఇది ఎలా సాధ్యం? ఇక్కడే నాకు తెలుసునని అనుకొన్నదానికీ, తెలిసినదానికీ మధ్య దూరం తెలిసివచ్చింది. విండోస్‌లో 'బైపాస్ ట్రావెర్స్ చెకింగ్' అని ఒక హక్కు ఉంది. మామూలుగా ఇది అందరికీ ఉంటుంది. దాని అర్థమేమిటంటే, ఒక ఫైలు పూర్తి చిరునామా తెలిసి నేరుగా అడిగితే, దారిలోని ఫోల్డర్ల తలుపులు ఒక్కొక్కటీ పరీక్షించరు. చివరి ఫైలు తాళం మాత్రమే చూస్తారు. దారి పొడుగునా ప్రతి తలుపు దగ్గరా ఆగితే పని నెమ్మదిస్తుందని చేసిన ఏర్పాటు. యూనిక్సులో ఇలా కాదు. అక్కడ దారిలోని ప్రతి డైరెక్టరీలోనూ నడిచే హక్కు ఉంటేనే ముందుకు పోనిస్తుంది. మండువా ఇంటి భాషలో చెప్పాలంటే, విండోస్‌లో గది తలుపు మూసి ఉన్నా, 'ఫలానా గదిలో ఫలానా మూలన ఫలానా భోషాణం' అని గుర్తు తప్పకుండా చెప్పగలిగినవాడిని నేరుగా భోషాణం ముందు దింపుతారు. లోపల ఏమేమి ఉన్నాయో తొంగిచూడనివ్వరు, అంతే. ఆమె తొంగిచూడలేదు. లింకులో పూర్తి చిరునామా ఉంది. అది ఆమెను తీసుకువెళ్ళి దింపింది.

మరి భోషాణం తాళం ఏమైంది? అంతసేపూ నేను ఫోల్డరు పర్మిషను చూశాను గాని ఫైలు పర్మిషను చూడలేదు. ఫోల్డరుది ఎట్లాగో లోపలి ఫైలుదీ అట్లాగే ఉంటుందన్న నమ్మకం. ఇప్పుడు చూశాను. అకౌంట్స్ గుంపు అందులో అసలు లేదు. అడ్మినిస్ట్రేటర్లు, సిస్టమ్ పేర్ల తరువాత 'డొమైన్ యూజర్స్, మాడిఫై' అని ఉంది. అంటే ఆఫీసులో లాగిన్ అయ్యే ప్రతి మనిషీ. ఇంకా విచిత్రం, 'పై ఫోల్డరు నుండి అనుమతులు వారసత్వంగా వచ్చుగాక' అనే గడిలో టిక్కు కూడా ఉంది! పై ఫోల్డరులో లేని అనుమతి వారసత్వంగా ఎక్కడి నుండి వచ్చింది?

అప్పుడు గుర్తుకొచ్చింది.

రెండు వారాల క్రితం ఆ పట్టిక 'కామన్' ఫోల్డరులో ఉండేది. డైరెక్టర్లిద్దరు అకౌంట్స్ గుంపులో లేరు గనుక వాళ్ళు చూడడానికని పెద్దాయన దాన్ని రెండు రోజులు అక్కడ పెట్టాడు. తరువాత, "బాబూ, దాన్ని మా ఫోల్డరులో పడెయ్యి" అన్నాడు. నేను సర్వరు మీదే కూర్చొని, మౌసుతో పట్టుకొని, ఈ ఫోల్డరు నుండి ఆ ఫోల్డరుకు జరిపాను. కాపీ చేయలేదు, జరిపాను. రెండూ ఒకే డిస్కు భాగంలో ఉన్నాయి. కనురెప్ప వేసేలోగా అయిపోయింది. ఆ వేగమే నాకు చెప్పి ఉండవలసినది. ఒకే వాల్యూములో ఫైలు జరిపితే లోపలి సరుకు ఎక్కడికీ కదలదు. ఫైలు పేరు ఒక జాబితా నుండి కొట్టేసి మరో జాబితాలో వ్రాయడమే జరుగుతుంది. ఫైలు అదే, దాని తాళమూ పాతదే. కాపీ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది, పుట్టిన ఇంటి అనుమతులు దానికి వస్తాయి. ఆ 2003 సర్వరులో జరిపితే మాత్రం పుట్టింటి అనుమతులతోనే అత్తవారింటికి వచ్చేది. పై ఫోల్డరు అనుమతులను మళ్ళీ ఒకసారి కిందికి ప్రవహింపజేసేదాకా అలాగే ఉండేది. అరుగు మీద తాళం తీసి పెట్టిన భోషాణాన్ని ఎత్తి లోపలి గదిలో పెట్టి, గదికి తాళం వేసి, చేతులు దులుపుకొన్నాను నేను.

ఈ నియమం నాకు తెలియనిది కాదు. పరీక్షల కోసం కంఠస్థం చేసినదే. ఆ రోజు నా చేతికి గుర్తు రాలేదు.

కాబట్టి లెక్క ఇది. పట్టికను అందరూ తెరిచేలా వదిలినది నేను. ఆమె పేరు పైకి చదివినది నేను. ఆమెకు అనుమతి లేదని నివేదించినదీ నేనే. ఆమె చేసిందల్లా మౌసు నొక్కడం.

నాలుగున్నరకు ఆ గదిలోకి వెళ్ళాను. లోపల ముగ్గురు పెద్దలు, ఒక కుర్చీలో ఆమె. బల్ల మీద ఆమె చేతివ్రాతతో సంజాయిషీ కాగితం. నేను చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. "సార్, ఆ అమ్మాయి తప్పేమీ లేదు. సర్వరు సెట్టింగులో చిన్న పొరపాటు జరిగింది. ఆ ఫైలు అందరికీ తెరుచుకొనేలా ఉండిపోయింది. సరిచేశాను."

గమనించారా? 'పొరపాటు జరిగింది.' 'ఉండిపోయింది.' తెలుగులో ఇదొక సౌకర్యం. కర్త లేకుండా ఎంత పెద్ద వాక్యమైనా చెప్పుకుపోవచ్చు. తప్పులన్నీ వాటంతట అవే జరుగుతాయి, గాజుగ్లాసులన్నీ వాటంతట అవే పగులుతాయి. ఆమె కూడా అదే వ్యాకరణంలో మాట్లాడింది, 'తెరుచుకుంది' అని. ఆమె విషయంలో అది అక్షరాలా నిజం. నా విషయంలో అది దాక్కోవడం.

"సరే, చూసుకోండి" అన్నారు పెద్దలు. ఆమెను వెళ్ళి పని చూసుకోమన్నారు. క్షమించమని ఎవరూ అనలేదు. ఎవరు అనాలో ఎవరికీ తెలియదు, తెలిసినవాడు నోరు విప్పలేదు. సంజాయిషీ కాగితం ఆమె ఫైలులో చేరింది. అది తీసివేయండని నేను అడగలేదు. అడిగితే 'మీకెందుకంత పట్టింపు' అని ఎదురు ప్రశ్న వస్తుందని భయం.

వారం తరువాత నా గది దగ్గరకు వచ్చి, "థాంక్సండీ, మీరే కాపాడారు" అని చెప్పింది. ఆ మాటకు నాకు చెంపదెబ్బ తిన్నట్టయింది. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమె వెళ్ళబోతూ ఆగి, "ఆ పట్టిక తెరుచుకొన్నప్పుడు ఒక్క నిమిషం చూశాను సార్, అబద్ధం ఎందుకు?" అన్నది. తన పక్క సీటులో, అదే రోజున చేరి అదే పని చేస్తున్న అబ్బాయికి తనకన్నా పదిహేను వందలు ఎక్కువట. ఎవరితోనూ అనలేదట. ఎందుకు అలా అని అడగడానికి తనకు నోరు లేదు. అడిగితే ఆ అంకె ఎలా తెలిసిందన్న ప్రశ్న ముందు వస్తుంది. ఆ రోజంతా అందరూ ఆమె దాన్ని ఎలా చూసిందనే అడిగారు. చూసినదేమిటని ఎవరూ అడగలేదు. నాలుగు నెలలకు ఆమె ఉద్యోగం మానేసింది.

ఆ తరువాత నేను ఇంకా చాలా సర్వర్లు చూశాను. ఆ 2003 సర్వరుకు 2015 జులైతో మైక్రోసాఫ్టు మద్దతు కూడా ముగిసింది. కాని 'ఇతనికి ఈ ఫైలు ఎలా కనబడింది?' అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను పాటించే వరుస ఆ రోజు నేర్పినదే. ఎవరికైనా ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

మొదట మనిషి దగ్గరకు వెళ్ళి, అతను నడిచిన దారినే నడిచి చూడాలి. తెరిచినది ఫోల్డరు ద్వారానా, షార్ట్‌కట్ ద్వారానా, లింకు ద్వారానా అన్నది ముందు తేలాలి. రెండవది, సర్వరుకు అతను ఏ పేరుతో కనబడుతున్నాడో చూడాలి; ఎప్పుడో గుర్తుపెట్టుకోమని టిక్కు పెట్టిన మరొకరి పాస్‌వర్డుతో డ్రైవు కలిసి ఉండవచ్చు, అతనికే తెలియకుండా. మూడవది, ఫోల్డరుదే కాదు, సరిగ్గా ఆ ఫైలు పర్మిషనే చూడాలి. నాలుగవది, గుంపులూ, గుంపుల్లోని గుంపులూ. ఒకరిని గుంపులోనుండి తీసివేసినా, లాగౌట్ అయి మళ్ళీ వచ్చేదాకా పాత హక్కులే నడుస్తాయని మరువరాదు. లాగిన్ అయినప్పుడు చేతికిచ్చిన చీటీలో ఉన్న గుంపులే లెక్క. ఐదవది, ఆ ఫైలు సొంతదారు ఎవరన్నది. జాబితాలో పేరు లేకపోయినా సొంతదారు అనుమతులను తనంత తాను మార్చుకోగలడు. ఆరవది, ఫైలు అక్కడికి ఎలా వచ్చింది, పుట్టిందా, కాపీగా వచ్చిందా, జరిగి వచ్చిందా? జరిగి వచ్చినదైతే, ఐకాకల్స్ అనే ఆదేశంతో దాని పాత అనుమతులు తుడిచి, కొత్త ఇంటి వారసత్వాన్ని మళ్ళీ ఇప్పించాలి.

ఇవన్నీ తేలేదాకా ఎవరి పేరూ పైకి చదవరాదు. ఇది ఏ పుస్తకంలోనూ లేని ఏడవ నియమం, నాది.

పుస్తకాలన్నాను గనుక ఒకటి చెప్పాలి. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అని ఎం.ఐ.టి.కి చెందిన ఇద్దరు కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి ఒక పత్రం వ్రాశారు. తాళాల విషయంలో ఈ నాటికీ అందరూ దాన్నే తలుచుకొంటారు. వారు చెప్పిన సూత్రాల్లో రెండు నాకు ప్రత్యేకం. ఏమీ చెప్పకపోతే తలుపు మూసే ఉండాలన్నది ఒకటి. ప్రతి వస్తువుకూ, ప్రతిసారీ, అనుమతి ఉందో లేదో పరీక్షించాలన్నది రెండోది. నేను ఈ రెండూ సర్వరుకు వర్తింపజేయలేదు సరే, మనిషికి అసలే వర్తింపజేయలేదు. మనిషి విషయంలో మొదటి సూత్రం తలకిందులు కావాలి కదా. ఏమీ తెలియనప్పుడు తప్పు లేదనే అనుకోవాలి. మేము తెలియనప్పుడు సర్వరును నమ్మి, మనిషిని అనుమానించాం.

ఇప్పుడు చాలా ఆఫీసుల్లో ఏసీ గది లేదు, సర్వరూ లేదు. ఫైళ్ళన్నీ మబ్బుల్లో ఉన్నాయంటారు. 'ఈ లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు' అన్న గడి ఒకటి అక్కడా ఉంది. ఆ లింకును ఎవరో ఒకరు మరో పట్టీలో ఒక మూల అంటిస్తూనే ఉంటారు. నీలంరంగు గీత మీద ఎవరి మౌసో పడుతూనే ఉంటుంది.

ఆమె ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. వెతికి పట్టుకొని చెబితే అది ఆమె కోసమా, నా బరువు దించుకోవడానికా అని ఆలోచించి ఆగిపోయాను. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ సాయంత్రం ఆ గదిలో చెప్పవలసిన వాక్యానికి కర్త ఉన్నాడు. "ఆ ఫైలు జరిపింది నేను సార్, తాళం మార్చలేదు. ఆ కాగితం చింపేయండి."

మీలో ఎవరైనా పంచుకొన్న డ్రైవులకు తాళాలు వేసే పనిలో ఉంటే, రేపు ఆఫీసుకు వెళ్ళగానే ఒక పని చేయండి. అతి రహస్యమనుకొన్న ఫోల్డరులో ఒక్క ఫైలు ఎంచుకొని, ఫోల్డరుది కాదు, ఆ ఫైలు పర్మిషనే చూడండి. నేను ఇప్పటికీ నెలకొకసారి చూస్తాను.